ఎం.ఎస్. ఉన్నవాళ్ల రోజువారీ నడకని ఇంట్లో కొలవడం ఎలా

"నడక ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని న్యూరాలజిస్ట్ అడిగితే మనవాళ్లు దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే, "పర్లేదండీ". మూడు నెలల కిందట బస్టాపు దాకా నడిచి వెళ్లిన మనిషి ఇప్పుడు గేటు దగ్గరికే ఆటో పిలిపించుకుంటున్నా సరే, "పర్లేదండీ". పొద్దున లేవగానే కాలు తేలిగ్గా ఉంటే అలా అంటారు, పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఇంకొంచెం గట్టిగా అంటారు. డాక్టర్ గదిలో ఉండేది కాసేపే, ఆయన నాలుగు అడుగులు వేయించి చూస్తారు, అదేం విచిత్రమో ఆ నాలుగు అడుగులూ ఇంట్లో ఎప్పుడూ లేనంత చక్కగా పడతాయి. ఇంటికొచ్చాక మళ్లీ గోడలు పట్టుకోవడమే.

మా అక్కకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉంది, మెదడులో, వెన్నుపాములో నాడుల మీద ఉండే పూత దెబ్బతినే జబ్బు. నేను డాక్టర్‌ని కాదు, ఫిజియోథెరపిస్ట్‌నీ కాదు, ఆమె నడకని కొలిచి రాసిపెట్టే డ్యూటీ మాత్రం నాది. మందులు మార్చడం, ఆపడం మన పని కాదు. డాక్టర్‌కి "పర్లేదు" అనే మాట బదులు ఒక కాగితం ఇవ్వడం మన పని, అది ఎలా తయారు చేయాలో రాస్తున్నాను.

మొదట ఒక తేడా బుర్రలో పెట్టుకోండి. నడవగలగడం వేరు, రోజూ నడవడం వేరు. "వేగంగా నడువు" అంటే పాతిక అడుగులు చకచకా నడిచేసే మనిషి, సాయంత్రం నాలుగయ్యేసరికి వంటింట్లోంచి హాల్లోకి రావడానికి రెండుసార్లు ఆలోచించవచ్చు. మొదటిది కొలవడానికి స్టాప్‌వాచ్ కావాలి, రెండోది కొలవడానికి వారం రోజుల ఓపిక కావాలి. ఒకటే కొలిచి రెండోది వదిలేస్తే సగం బొమ్మే కనిపిస్తుంది, ఆసుపత్రుల్లో ఎక్కువగా జరిగేది అదే.

డాక్టర్ "ఆగకుండా ఎంత దూరం?" అని ఎందుకు అడుగుతారు

దీని వెనక ఎం.ఎస్. మనిషిని ఎంత ఇబ్బంది పెడుతోందో అంకెల్లో చెప్పే ఒక స్కేలు ఉంది, పేరు ఈ.డి.ఎస్.ఎస్. జాన్ కర్ట్స్‌కీ అనే అమెరికన్ న్యూరాలజిస్ట్ 1983లో ఇచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. 0 నుంచి 10 దాకా అర పాయింటు చొప్పున పెరుగుతుంది, అంకె పెరిగితే ఇబ్బంది పెరిగినట్టు. కింది అంకెలు కంటిచూపు, చేతుల బలం, స్పర్శ, మూత్రం లాంటివన్నీ చూసి వేస్తారు గానీ 4 దగ్గర్నుంచి నడక దూరానిదే పెత్తనం. సాయం లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడిస్తే 4, 300 అయితే 4.5, 200 అయితే 5, 100 అయితే 5.5. వంద మీటర్లకి ఒకవైపు చేతికర్ర లాంటి ఆసరా కావాల్సి వస్తే 6, రెండు వైపులా ఆసరాతో ఇరవై మీటర్లు నడిస్తే 6.5. ఆసరా ఉన్నా అయిదు మీటర్లు దాటలేకపోతే 7, అంటే ఎక్కువగా వీల్‌చెయిర్ మీదే.

ఇప్పుడు ఆలోచించండి. మీరు నోటికొచ్చినట్టు "అర కిలోమీటరు నడుస్తానండీ" అంటే ఒక అంకె, "రెండు వందల మీటర్లు" అంటే ఇంకో అంకె ఫైల్లో పడే అవకాశం ఉంది. మరి మీటర్లలో దూరం మనలో ఎంతమందికి తెలుసు? మనకి తెలిసింది కిరాణా కొట్టు, రామాలయం, మలుపులో ట్రాన్స్‌ఫార్మర్. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఒకసారి ఓపిక చేసుకుని ఆ దూరాలు కొలిచి పెట్టండి. వంద మీటర్ల పైన ఉన్నవాటికి ఫోన్ మ్యాపులో దూరం చూసుకోవచ్చు, అంతకన్నా తక్కువ దూరాల్లో జీపీఎస్ అటూ ఇటూ చెప్తుంది, పది మీటర్ల తాడు కొలిచి కట్టుకుని దాంతో వేసుకోవడం మేలు. ఇంటి గేటు నుంచి మొదటి కరెంటు స్తంభం ఎంత, రెండోది ఎంత, పాల బూత్ ఎంత అని గోడ మీద రాసి పెట్టుకుంటే ఇక ఎప్పుడు ఎక్కడ ఆగినా మీటర్లలో చెప్పొచ్చు.

ఈ దూరం చెప్పేటప్పుడు ఆసరా సంగతి దాచకండి. గోడ పట్టుకున్నా, పిల్లాడి భుజం మీద చెయ్యి వేసినా, మార్కెట్‌లో తోపుడు బండి అంచు పట్టుకున్నా అది ఆసరాయే. చేతికర్ర కొనలేదు కాబట్టి ఆసరా లేదని చెప్పేవాళ్లు చాలామంది, పైగా ఆ గోడ పట్టుకునే అలవాటు వాళ్లకే తెలియకుండా వచ్చేస్తుంది. మీ ఇంట్లో గోడ మీద భుజం ఎత్తులో ఒక మురికి చార పడిందేమో చూడండి.

పాతిక అడుగుల నడక

ఎం.ఎస్. క్లినిక్కుల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడే పరీక్ష ఇది. 1990లలో అమెరికాలో ఎం.ఎస్. పరిశోధనల కోసం నడక, చేతులు, ఆలోచన మూడూ కలిపి కొలిచే ఒక పద్ధతి తయారుచేశారు, అందులో నడక భాగం ఇదే. ఇంట్లో చేయడానికి ఖర్చు లేదు.

కావాల్సింది కొలిచే టేపు, నేలకి అతికించే రంగు టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక కుర్చీ, కొలవడానికి ఇంకో మనిషి. ఇక్కడ అడుగంటే టేపు మీద కొలిచే అడుగు (ఫుట్), కాలితో వేసే అడుగు కాదు, పాతిక అడుగులంటే 7 మీటర్ల 62 సెంటీమీటర్లు. టైల్స్ లెక్కపెట్టి వేసేయకండి, రెండడుగుల టైల్ అని మనం అనేది చాలావరకు 60 సెంటీమీటర్లే ఉంటుంది, పన్నెండున్నర టైల్స్ వేస్తే 12 సెంటీమీటర్లు తక్కువ పడుతుంది. ముగింపు గీత దాటాక కనీసం ఒకటిన్నర మీటరు ఖాళీ ఉండాలి, గోడ ఎదురుగా కనిపిస్తుంటే ఎవరైనా ముందే నెమ్మదిస్తారు. హాలు చాలకపోతే అపార్ట్‌మెంట్ కారిడార్, ఇండిపెండెంట్ ఇల్లయితే వరండా. ఒకసారి ఎక్కడ చేస్తే ప్రతిసారీ అక్కడే.

నడిచే మనిషి కాలివేళ్లు మొదటి గీతకి ఆనించి నిలబడాలి. రోజూ చేతికర్ర వాడితే చేతికర్రతోనే, కాలికి బ్రేస్ (ఊతంగా కట్టుకునే పట్టీ) వేసుకుంటే బ్రేస్‌తోనే. చెప్పాల్సిన మాట ఒకటే, ప్రతిసారీ అదే మాట: "జాగ్రత్తగా, కానీ మీకు చేతనైనంత వేగంగా నడవండి, గీత దాటేదాకా తగ్గకండి." మొదటి పాదం లేచి గీత దాటుతుండగా వాచ్ నొక్కాలి, అవతలి గీతని పాదం దాటగానే ఆపాలి. వెంటనే వెనక్కి తిప్పి అదే దూరం మళ్లీ నడిపించండి, అలుపొస్తే అయిదు నిమిషాల దాకా కూర్చోవచ్చు. రెండు టైముల సగటు రాసుకోండి, సెకనులో పదో వంతు దాకా. మూడు నిమిషాల్లో పూర్తి కాకపోతే అక్కడితో ఆపి "పూర్తి కాలేదు" అని రాయండి, అదీ ఫలితమే.

కొలిచేవాళ్లు చేసే పని ఒకటుంది, పక్కనే కలిసి నడుస్తూ "రా రా, ఇంకొంచెం" అంటారు. అలా చేస్తే మీ వేగం కొలుస్తున్నట్టు, వాళ్లది కాదు. బలహీనంగా ఉన్న కాలివైపు, అర అడుగు వెనకగా ఉండండి, పడబోతే పట్టుకునేటట్టు. మాటలు వద్దు.

అంకె వచ్చాక ఏం చేయాలి? 7.62ని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది, ఆరు సెకన్లయితే సెకనుకి 1.27 మీటర్లు, ఎనిమిదయితే 0.95, పదయితే 0.76. రోడ్డు దాటేటప్పుడు ఈ తేడా ప్రాణం మీదకి వస్తుందని వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు సెకన్లు, ఎనిమిది సెకన్లు అని రెండు గీతలు గీశారు. ఆరు దాటినవాళ్లలో ఉద్యోగం మార్చుకోవడం, చేతికర్ర పట్టడం ఎక్కువ కనిపించింది, ఎనిమిది దాటినవాళ్లలో వాకర్ అవసరం, ఇంటిపనులకి ఇంకొకరి మీద ఆధారపడటం కనిపించాయి. ఇది గుంపు మీద తేలిన లెక్క, మీ మనిషి ఎనిమిదిన్నర వచ్చాడని ఇంట్లో ఏడుపులు పెట్టుకోకండి.

మీరు చూడాల్సింది అదే మనిషి నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెని పోల్చి. అందులోనూ చిన్న తేడాలకి టెన్షన్ పడకూడదు, మామూలుగా 20 శాతం మార్పు ఉంటేనే నిజమైన మార్పుగా లెక్కేస్తారు. అంటే ఎనిమిది సెకన్ల మనిషికి 8.7 రావడం పెద్ద విషయం కాదు, 9.6 దాటితే ఆలోచించాలి. అదీ ఒక్కరోజు చూసి కాదు, వారం ఆగి మళ్లీ చూసి.

ఈ పరీక్షకి ఒక లోపం ఉంది. బాగా నడిచేవాళ్లలో పెద్దగా ఏమీ పట్టివ్వదు. పాతిక అడుగులు ఎవరైనా లాగించేస్తారు. ఎం.ఎస్.లో అసలు కష్టం చాలామందికి ఆ పాతిక అడుగుల తర్వాత మొదలవుతుంది.

ఆరు నిమిషాల నడక, నిమిషం నిమిషానికీ

కాస్త దూరం వెళ్లాక పాదం ముందుభాగం లేవదు, వేళ్లు నేలకి రాసుకుంటాయి, గడప తగులుతుంది, ఆ కాలి చెప్పు మాటిమాటికీ ఊడిపోతుంది. ఫుట్ డ్రాప్ అంటారు. కూర్చుని లేస్తే మళ్లీ బాగానే ఉంటుంది. నాడుల మీద పూత దెబ్బతిన్నచోట కరెంటు సరిగా పారదు, పని ఎక్కువయ్యేకొద్దీ అక్కడ సంకేతం ఇంకా బలహీనపడుతుంది, అందుకే మొదటి నిమిషానికీ ఆరో నిమిషానికీ మనిషే మారిపోయినట్టు ఉంటుంది. దీన్ని పట్టుకోవాలంటే ఆరు నిమిషాలు నడిపించాలి.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులకి ఈ పరీక్ష చాలా కాలంగా ఉంది. ఆసుపత్రుల్లో 30 మీటర్ల కారిడార్‌లో చేయిస్తారు. మనకి అంత పొడుగు దొరకదు, పది లేదా పదిహేను మీటర్లు చాలు, కాకపోతే మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది కాబట్టి ఆసుపత్రిలో వచ్చిన అంకెతో మీ ఇంటి అంకెని పోల్చకండి. మొదటిసారి చేసేముందు డాక్టర్‌నో ఫిజియోనో అడగండి, గుండెజబ్బు, బీపీ, తరచూ పడిపోవడం ఉంటే ఇంట్లో చేయొద్దు. దారి మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచండి. అలిసిపోతే ఆగి నిలబడొచ్చు, కూర్చోవచ్చు, వాచ్ మాత్రం ఆగదు.

ఒక్కో నిమిషం అయ్యేసరికి ఎన్ని మీటర్లు వచ్చారో విడిగా రాయండి, కిటుకంతా ఇక్కడే ఉంది. మొత్తం 280 మీటర్లు అని రాస్తే సగమే తెలుస్తుంది. మొదటి నిమిషంలో 52, ఆరో నిమిషంలో 42 అనుకోండి, పది మీటర్లు తగ్గింది, 52లో పది అంటే సుమారు 19 శాతం. ఎం.ఎస్. మీద పనిచేసే పరిశోధకులు 15 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గితే నడకతో వచ్చే అలసట ఉందని లెక్కేస్తారు. "నాకు నీరసంగా ఉంటుంది డాక్టర్‌గారూ" అంటే రక్తపరీక్ష రాసి పంపించిన సందర్భాలు చాలా ఇళ్లలో ఉంటాయి, "ఆరో నిమిషంలో నా వేగం అయిదో వంతు పడిపోతోంది, మూడో నిమిషం నుంచి కుడి పాదం ఈడుస్తున్నాను" అంటే సంభాషణే వేరు. బ్రేస్ కావాలా, వ్యాయామం ఎలా మార్చాలి అనే మాటలు అప్పుడు వస్తాయి.

ఆరు నిమిషాలు నడవలేనివాళ్లకి రెండు నిమిషాల నడక ఉంది. రెండిటి ఫలితాలూ చాలా దగ్గరగా కదులుతాయని తేలింది, కాబట్టి బాధపడుతూ ఆరు లాగించక్కర్లేదు. అలసట ఎలా పెరుగుతోందో మాత్రం రెండు నిమిషాల్లో అంతగా తెలియదు.

మలుపుల దగ్గర తూలుతుంటే ఇంకో చిన్న పరీక్ష కలుపుకోండి: చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి, వచ్చి కూర్చోవడం. వీపు కుర్చీకి ఆనేదాకా టైం.

మాట్లాడుతూ నడవడం

రోజువారీ నడకలో మనం ఎప్పుడూ ఖాళీగా నడవం. టీ గ్లాసు చేతిలో ఉంటుంది, ఫోన్ మోగుతుంది, వెనకనుంచి బైకు హారన్ కొడతాడు. ఎం.ఎస్. ఉన్న చాలామందికి నడక మీద మనసు పెట్టి నడవాల్సి వస్తుంది, ఆ మనసుని ఇంకో పని లాక్కుంటే అడుగు తడబడుతుంది. దీన్ని కొలవడం సులువే. పాతిక అడుగుల నడక ఒకసారి మామూలుగా, ఇంకోసారి 100 నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి చెప్తూ. లెక్కలంటే పడనివాళ్లకి తెలుగు నెలలు వెనకనుంచి, ఫాల్గుణం, మాఘం, పుష్యం అనుకుంటూ. రెండు టైముల తేడా రాయండి, మధ్యలో నడక ఆపి ఆలోచించారా, నడుస్తూ లెక్క వదిలేశారా అన్నదీ రాయండి. తేడా బాగా ఉంటే ఒక నియమం పెట్టుకోవచ్చు, మెట్లు దిగుతున్నప్పుడూ రోడ్డు దాటుతున్నప్పుడూ ఇంట్లో ఎవరూ ఆ మనిషిని పలకరించకూడదని. మా ఇంట్లో ఈ నియమం మా అమ్మకి తప్ప అందరికీ అలవాటైంది.

ఇక రోజూ నడిచే నడక

యూరప్‌లో 2019లో మొబిలైజ్-డి అనే పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఎం.ఎస్., పార్కిన్సన్స్, ఊపిరితిత్తుల జబ్బు, తుంటి ఎముక విరిగినవాళ్లకి నడుము వెనక చిన్న సెన్సార్ పెట్టి, వాళ్ల ఇంట్లో, వీధిలో, మామూలుగా ఎలా నడుస్తారో కొలవడం దాని పని. క్లినిక్‌లో కొలిచింది చాలదని పెద్ద పెద్దవాళ్లూ ఒప్పుకున్నట్టే.

మనకి అంత సరంజామా అక్కర్లేదు, ఫోనో చేతి బ్యాండో సరిపోతుంది, కానీ ముందు దాన్ని పరీక్ష చేయండి. వంద అడుగులు నోటితో లెక్కపెడుతూ నడవండి, మీటరు ఎన్ని చూపించిందో చూడండి. 95 నుంచి 105 మధ్య ఉంటే బాగానే ఉంది. నెమ్మదిగా నడిచేవాళ్లకి, కాలు ఈడ్చేవాళ్లకి ఈ మెషీన్లు బాగా తక్కువ చూపిస్తాయి. వాకర్ పట్టుకుంటే చెయ్యి ఊగదు కదా, చేతి బ్యాండుకి మనిషి కూర్చున్నట్టే లెక్క. అలాంటప్పుడు నడుముకో చీలమండకో పెట్టి మళ్లీ వంద అడుగులు వేసి చూడండి, ఏది దగ్గరగా వస్తే అదే వాడండి.

ఫోన్‌తో ఇంకో గొడవ ఉంది. ఇంట్లో ఆడవాళ్ల ఫోన్ టేబుల్ మీదో ఫ్రిజ్ మీదో ఉంటుంది, చీరకీ నైటీకీ జేబు ఉండదు. ఫోన్ చూపించేది అప్పుడు ఫ్రిజ్ నడక. నడుముకి కట్టుకునే చిన్న పౌచ్ ఒకటి కొనండి, లేదా కుట్టించండి. ఐఫోన్ 8 నుంచి అయితే అడుగులతో పాటు నడక వేగం, అడుగు పొడవు, రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే సమయం కూడా హెల్త్ యాప్‌లో వస్తాయి, అవి రావాలన్నా ఫోన్ నడుము దగ్గరే ఉండాలి, ఎత్తు సరిగ్గా నమోదు చేసి ఉండాలి.

ఏడు రోజులు వరసగా పెట్టుకోండి, ఆదివారంతో సహా. ఒక్కరోజు అంకెని పట్టించుకోకండి, వారం సగటే చూడండి. పెళ్లికి వెళ్లిన రోజు బోలెడు అడుగులు వస్తాయి, మర్నాడు మంచం దిగరు, సగటు తీస్తే రెండూ సర్దుకుంటాయి. ఆ మర్నాటి సంగతి మాత్రం పక్కన రాయండి, ఎక్కువ నడిచిన రోజుకి ఎన్ని రోజులు మూల్యం చెల్లించాల్సి వస్తోందో డాక్టర్‌కి తెలియాలి. అడుగులు పెంచమని వెంటపడకండి, ఇది కొలవడం, పోటీ కాదు. రోజుకి పదివేల అడుగుల సలహాలు ఇచ్చే చుట్టాలని దూరంగా పెట్టండి.

మెషీన్‌కి కనిపించనివి కొన్ని ఉన్నాయి, వాటికి చిన్న నోటుబుక్కు. పడ్డారా, పడబోయి తమాయించుకున్నారా, ఎక్కడ? బాత్రూం తడిలోనా, గడప దగ్గరా, మెట్టు దిగుతూనా? గుడి మెట్లకి రెయిలింగ్ పట్టుకున్నారా? బస్సు మెట్టు ఎక్కగలిగారా, ఎవరైనా చెయ్యిచ్చారా? ఇదివరకు నడిచి చేసే ఏ పని ఇప్పుడు వేరేవాళ్లకి అప్పజెప్పారు? అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఈ చివరి ప్రశ్నే. పూలకుండీలకి నీళ్లు పోయడం మానేశారు, కూరలకి వెళ్లడం మానేశారు, పిల్లని స్కూల్ వ్యాన్ ఎక్కించడం భర్తకి ఇచ్చేశారు, ఒక్కొక్కటీ మామూలు సర్దుబాటులాగే ఉంటుంది, ఏడాదివి వరసగా చదివితే తెలుస్తుంది.

దీనికి తోడు రోగి తన మాటల్లో చెప్పే ప్రశ్నాపత్రం ఒకటుంది, బ్రిటన్‌లో హోబార్ట్ బృందం 2003లో తెచ్చిన పన్నెండు ప్రశ్నల నడక స్కేలు. గత రెండు వారాల్లో ఎం.ఎస్. వల్ల నడక, మెట్లెక్కడం, నిలబడి పనిచేయడం, బ్యాలెన్స్, దూరం, లోపలా బయటా ఆసరా, నడక మీద మనసు పెట్టాల్సి రావడం ఎంత ఇబ్బందిగా ఉన్నాయో అడుగుతుంది. ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తంలోంచి 12 తీసేసి, 48తో భాగించి, వందతో గుణించాలి. మొత్తం 36 వస్తే స్కోరు 50. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ. ఫారం మీ న్యూరాలజిస్ట్‌నో ఫిజియోనో అడిగి తీసుకోండి. నింపేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని "అంత లేదులే" అనకూడదు, ఆ పూట టీవీ చూసుకోండి.

ఎండ, జ్వరం, ఇంకా అంకెల్ని పాడుచేసేవి

1890లో విల్హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ కొందరు రోగులకి శ్రమపడ్డాక చూపు మసకబారడం గమనించాడు. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నాడుల్లో సంకేతం ఇంకా నెమ్మదిస్తుంది, చల్లబడగానే మళ్లీ మామూలవుతుంది, కొత్తగా జబ్బు ముదిరినట్టు కాదు. ఇది మన ఊళ్లలో ఉన్నవాళ్లకి చిన్న విషయం కాదు. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం కొలిచి, డిసెంబర్ పొద్దుటి అంకెతో పోలిస్తే జబ్బు పెరిగిపోయిందని గుండె ఆగుతుంది. పొద్దున ఆరున్నర, ఏడు మధ్యలో అయితే ఎప్పుడూ అప్పుడే కొలవండి, ఏసీ గదిలో అయితే ఎప్పుడూ ఏసీలోనే. పక్కన ఆ పూట ఎండ ఎంతో రాయండి. వేడినీళ్ల స్నానం అయిన వెంటనే కొలవకండి.

అలాగే నిద్ర లేని రాత్రి తర్వాత, జ్వరంలో, మూత్రంలో మంటగా ఉన్నప్పుడు కొలవొద్దు. కాళ్లు బిగుసుకుపోకుండా బాక్లోఫెన్ లాంటివి వాడుతుంటే మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కొలిచారో రాయాలి. రోజూ కట్టుకునే బట్టలతో, రోజూ వేసుకునే చెప్పులతోనే నడవాలి, కాకపోతే వెనక పట్టీ లేని హవాయి చెప్పులు మాత్రం పరీక్షకీ వద్దు, ఆ మాటకొస్తే రోజుకీ వద్దు.

ఎన్నిసార్లు కొలవాలి? పాతిక అడుగులది నెలకోసారి చాలు. ఆరు నిమిషాలది మూడు నెలలకోసారి. అడుగుల వారం, ప్రశ్నాపత్రం, డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందు. రోజూ కొలిస్తే రోజూ బెంగ, ఇంకేమీ ఉండదు.

కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు మాత్రం ముందూ వెనకా కొలిచి తీరాలి. డాల్‌ఫాంప్రిడిన్ అనే మాత్ర ఉంది, ఎం.ఎస్.లో నడక మెరుగుపడటానికని అమెరికాలో 2010 జనవరిలో అనుమతి ఇచ్చారు, 10 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. దాని పెద్ద ట్రయల్స్ రెండిటిలో వేగం స్థిరంగా పెరిగినవాళ్లు ఒకదాంట్లో 35 శాతం, ఇంకోదాంట్లో 43 శాతం, అంటే సగానికి పైగా జనానికి అలా పనిచేయలేదు. కొలిచింది పాతిక అడుగుల నడకతోనే. యూరప్‌లో అయితే మొదట రెండు నుంచి నాలుగు వారాలకే రాసి, నడక బాగుపడితేనే కొనసాగించమంటారు. మీ డాక్టర్ ఇది రాస్తే వేసుకోక ముందు రెండు వేర్వేరు రోజుల్లో, వేసుకున్న రెండు మూడు వారాలకి మళ్లీ రెండు రోజుల్లో కొలిచి చూపించండి. ఫిట్స్ వచ్చినవాళ్లకి, కిడ్నీ సరిగా లేనివాళ్లకి ఇది ఇవ్వరు, కాబట్టి ఎవరో వాడుతున్నారని తెప్పించుకోవడం కుదరదు.

ఎప్పుడు ఫోన్ చేయాలి

నడక ఒక్కసారిగా పడిపోయి 24 గంటలు దాటినా తగ్గకపోతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేయండి. ఫోన్ చేసేముందు జ్వరం చూసి పెట్టుకోండి, మూత్రం మంట ఉందేమో అడగండి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ వల్ల పాత లక్షణాలే పైకి తేలుతుంటాయి, దానికి వైద్యం వేరు. నెలల మీద మెల్లగా 20 శాతం తగ్గితే ఎమర్జెన్సీ కాదు, కానీ తర్వాతి విజిట్‌లో మొదటి మాట అదే కావాలి, మందులచీటీ చేతికొచ్చాక గుమ్మం దగ్గర నిలబడి చెప్పే మాట కాకూడదు.

డాక్టర్‌కి ఇచ్చే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. నోటుబుక్కంతా తీసుకెళ్లి ఆయన ముందు పెడితే చదవరు, చదవమని అడగడం న్యాయం కూడా కాదు. మేం రాసేది దాదాపు ఇలా ఉంటుంది: "పాతిక అడుగులు, చేతికర్రతో, 8.4 సెకన్లు, మూడు నెలల కిందట 7.9. ఆరు నిమిషాలు 265 మీటర్లు, మొదటి నిమిషం 50, ఆరో నిమిషం 40. ఆగకుండా రెండో స్తంభం దాకా, 180 మీటర్లు. పడటం ఒకసారి, బాత్రూంలో. మానేసిన పని: మేడ మీద బట్టలు ఆరేయడం." కింద అడగాల్సిన ప్రశ్న ఒక్కటి, మహా అయితే రెండు.

అసలు నడక బాగా తగ్గి ఇల్లు దాటనివాళ్లకి ఇవన్నీ ఎందుకని వదిలేయకండి, వాళ్లకి కొలిచేవి వేరే ఉన్నాయి. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి ఎంతసేపు, ఎవరి సాయం ఎంత. కుర్చీ చేతులు పట్టుకుని లేచి ఆసరాతో ఎన్ని సెకన్లు నిలబడగలరు. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు. బాత్రూం దాకా వాకర్‌తో వెళ్లడానికి పగలెంత, రాత్రెంత. నిలబడే సెకన్లు పెరిగితే ఒక మనిషి సాయంతో సరిపోతుంది, తగ్గితే ఇద్దరు కావాలి, వీల్‌చెయిర్ ఏ రకం కొనాలో, బాత్రూంలో పట్టుకునే రాడ్ ఏ ఎత్తులో బిగించాలో ఫిజియో ఆ అంకెలు చూసే చెప్తారు.